తర్వాత తీసేయాలి

పరిశోధన పత్రం చేతికొస్తే ప్రొఫెసర్లు మొదట తిప్పేది చివరి పేజీ. కృతజ్ఞతలు ఎవరెవరికి చెప్పారో, కింద చిన్న అక్షరాల జాబితాలో తమ పాత పేపర్లు ఎన్ని ఉన్నాయో చూసుకున్నాకే మిగతా సంగతి. ఇది అందరికీ తెలుసు, ఎవరూ ఒప్పుకోరు. సోమవారం పొద్దున పాత శిష్యురాలు ముప్ఫై పేజీల డ్రాఫ్టు రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టి, "శుక్రవారం సెమినార్‌లో చెప్పబోయేది ఇదే సార్, మీరొకసారి చూస్తే..." అని నసిగి వెళ్ళిపోయింది. గోడ మాస్టారు తలుపు దగ్గరగా వేసి వచ్చి చివరి పేజీయే తిప్పారు.

కృతజ్ఞతల్లో ఆరుగురు ఉన్నారు. పైపుల అతుకులు వేసిన వెల్డర్ ఉన్నాడు. మెషిన్ రూం టెక్నీషియన్ ఉన్నాడు. ఆయన లేరు.

మళ్ళీ చదివారు. పేజీ వెనక ఏమైనా ఉందేమోనని తిప్పి కూడా చూశారు. జాబితాలో పదిహేడో నంబరు దగ్గర ఆయన పాత పేపరు ఉంది, అదీ తప్పనిసరి కాబట్టి. వెల్డర్‌పాటి చేయలేదా నేను? ఆమెకి పీహెచ్‌డీ ఇప్పించింది ఈ చేతులే కదా?

ఎదురుగా గోడకి ఫ్రేమ్ కట్టించిన గ్రాఫు వేలాడుతోంది. ఒక పెద్ద లెక్కని ఎక్కువ కంప్యూటర్లకి పంచితే అంత తొందరగా తెమలాలి కదా. అరవై నాలుగు దాకా తెములుతుంది, ఆపైన ఎన్ని కలిపినా దండగే అని చూపించిన గ్రాఫు అది. గీత కొండెక్కినట్టు ఎక్కి, అరవై నాలుగు దగ్గర చదునైపోతుంది. పదకొండేళ్ళుగా పాఠ్యపుస్తకాల్లో దాన్ని 'గోడ' అంటున్నారు. కనిపెట్టినాయన గోడ మాస్టారయ్యారు. ఆ పేరుతో మొదట విద్యార్థులు చాటుగా పిలిచారు, తర్వాత తోటి ప్రొఫెసర్లు ఎదురుగానే పిలిచారు. ఆయనకీ బాగానే ఉంది.

ఇప్పుడు ఎవరికీ గోడ అక్కర్లేదు. అందరికీ నేలమాళిగలో ఆ శిష్యురాలు నడిపే కొత్తరకం క్వాంటం యంత్రమే కావాలి. పైనుంచి వేలాడే ఇత్తడి గొట్టాల గుత్తిట, అంతరిక్షంకన్నా చల్లగా ఉంటుందట, అక్కడ నిలబడి ఫొటో దిగని మంత్రి లేడట. 'అట' అనడమెందుకంటే మాస్టారు దాన్ని చూడలేదు. ఏడాదైంది ఆ యంత్రం వచ్చి. ఆ మెట్ల పక్కనుంచి పోవలసి వస్తుందని కారు కూడా వెనక గేటు దగ్గరే ఆపుకుంటున్నారు. సందర్శకులు మాత్రం ఆయన మెషిన్ రూం ముందునుంచే పోతారు. "ఇందులో ఏముంది?" అని ఎవరో అడుగుతారు. "పాత కంప్యూటర్లండీ, ఫ్యాన్ల చప్పుడు తప్ప చూడ్డానికేం లేదు" అని డిపార్ట్‌మెంట్ హెడ్ గొంతు వినిపిస్తుంది.

ఆ హెడ్ సంతకంతోనే పోయిన వారం ఒక కాగితం వచ్చింది. మాస్టారి కంప్యూటర్లన్నీ కలిసి పనిచేసే సమాంతర యంత్రం ఉన్న పెద్ద గదిని క్వాంటం ప్రయోగశాలకి ఇచ్చే విషయం శుక్రవారం సెమినార్ తర్వాత కమిటీ తేలుస్తుంది. అంటే శుక్రవారం ఆమె నెగ్గితే మాస్టారి మెషిన్ రూం ఆమెది.

మొదటి పేజీకి వచ్చారు. అయస్కాంతం లోపలి అణువుల కదలికని లెక్కగట్టే సమస్య. "ఇప్పటివరకు ఉన్న అత్యుత్తమ సమాంతర ప్రోగ్రామ్ కంటే మా క్వాంటం యంత్రం నాలుగు రెట్లు వేగంగా పూర్తిచేసింది." అక్కడ ఆగి, డ్రాఫ్టు మూసేశారు.

"నాలుగు రెట్లేనా!" అన్నారు పైకే.

అత్యుత్తమ ప్రోగ్రామ్ అంటే ఆయనదే, సందేహం లేదు. అది ఇరవై ఐదు గజాల దూరంలోని గదిలో ఎప్పుడు ఆడించినా ముప్ఫై ఒక్క నిమిషం తీసుకుంటుంది. అందులో నాలుగోవంతంటే ఎనిమిది నిమిషాలు. శుక్రవారంలోగా తన ప్రోగ్రామ్‌ని ఎనిమిది నిమిషాల లోపుకి దింపితే చాలు, ఆ యంత్రం, ఆ ఫొటోలు, ఆ మంత్రులు అన్నీ గాలికి పోతాయి. సెమినార్లలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఆయనదే, అదీ ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "దేంతో పోల్చావు?" ఆ రెండు మాటల దెబ్బకి కన్నీళ్ళు పెట్టుకున్న విద్యార్థులున్నారు. శుక్రవారం ఆమెని అదే అడుగుతారు. అడిగి, తన అంకె చూపిస్తారు.

చాలా కాలానికి ఆయనకి ఆకలేసింది.

మెషిన్ రూం టెక్నీషియన్‌ని అందరూ చలిదుప్పటి అంటారు. బయట ఎండ మండిపోతున్నా స్వెటర్, మెడకి మఫ్లర్. ఆ గదిలో చల్లటి గాలి నేలలోని చిల్లుల పలకల్లోంచి కొడుతుంది, ఇరవై ఏళ్ళుగా అతని మోకాళ్ళు దానికి పన్ను కడుతున్నాయి.

"శుక్రవారం దాకా మొత్తం యంత్రం నాకు కావాలయ్యా," అన్నారు మాస్టారు.

"మొత్తమా? రెండొందల యాభై ఆరూనా? అరవై నాలుగు దాటితే దండగని మీరేగా సార్ పుస్తకం రాసింది."

"నీకెందుకు? ఇవ్వు."

"ఇస్తాను, నాదేం పోయింది. అమ్మాయిగారు కూడా రెండు నెలల కిందట ఇలాగే మొత్తం అడిగారు. మూడు రోజులు మీ ప్రోగ్రామే ఆడించుకున్నారు."

"పోల్చుకోవడానికి ఆడించి ఉంటుంది."

"ఏమో మరి. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పారు. పేపర్లో నా పేరు కూడా వేస్తానన్నారు. వేశారా సార్?"

మాస్టారు స్క్రీన్ వైపు తిరిగిపోయారు. "నాకేం తెలుసు," అన్నారు.

సోమవారం, మంగళవారం అదే పని. లెక్కని ముక్కలు చేసే తీరు మార్చారు. ముక్కలు పంచే వరుస మార్చారు. ఒక కంప్యూటర్ ఇంకోదానికి కబురు పంపే దారులు మార్చారు. ప్రతి మార్పుకీ అరగంట ఎదురు చూడడం, చేతులు రుద్దుకోవడం, చూడడం. ముప్ఫై ఒకటి. ముప్ఫైన్నర. ముప్ఫై ఒకటి. ఇరవై తొమ్మిది వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచారు. మళ్ళీ ఆడిస్తే ముప్ఫై ఒకటే. మధ్యలో టీకి బయటికొస్తే, కిటికీలోంచి ఆమె ఇద్దరు విద్యార్థులతో నవ్వుతూ పోవడం కనిపించింది. ఎందుకు నవ్వుతోంది? నవ్వడానికేముంది అంతగా? టీ చల్లారిపోయేదాకా దాని గురించే ఆలోచించారు.

మంగళవారం సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య తెల్ల చీర ఇస్త్రీ చేసుకుంటోంది. ఆవిడ ఆపరేషన్ థియేటర్లో నర్సు.

"ముఖం అలా పెట్టారేం? ఆ అమ్మాయి ఫొటో మళ్ళీ పేపర్లో పడిందా?"

"ఆ అమ్మాయి ఊసెందుకు ఇప్పుడు?"

"మీ ముఖంలో ఉంది కాబట్టి. ఏడేళ్ళనుంచీ చూస్తున్నాను. ఆ పిల్ల మీ దగ్గరనుంచి వెళ్ళిపోయిన రోజు కూడా ఇదే ముఖం. పైకి రావడం ఆ పిల్ల తప్పా?"

"ఎటు గాలి వీస్తే అటు పోయింది. అది పైకి రావడమా? సరే, ఆ గొడవ వదిలేయ్. నా ప్రోగ్రామ్ ఎక్కడో నత్తలా నడుస్తోంది, ఎక్కడో అంతుపట్టడం లేదు. అన్నీ మార్చి చూశాను."

"మార్చడం సరే. లోపల ఏదైనా వదిలేశారేమో చూశారా?"

"వదిలేయడమేమిటి?"

"మేం కుట్లు వేసేముందు దూది, గుడ్డముక్కలు, కత్తెరలు అన్నీ లెక్కపెడతాం. ఎంత పెద్ద సర్జన్ అయినా లోపల ఒకటి మర్చిపోతాడు. అందుకే ఆ లెక్క సర్జన్‌కి ఇవ్వరు, మాకిస్తారు. నేను వదలను అనుకునేవాడే వదిలేది."

"ప్రోగ్రామ్‌కీ కడుపుకీ పోలికేమిటి!"

"నాకేం తెలుసు, మీరేగా ప్రొఫెసరు," అని ఆవిడ చీర మడత తిప్పింది.

బుధవారం పొద్దున్నే మాస్టారు ప్రోగ్రామ్ మొత్తం కాగితాల మీద ప్రింటు తీయించారు. నలభై ఒక్క కాగితాలు. మెషిన్ రూం నేల మీద వరసగా పరిచి, గాలికి ఎగరకుండా చలిదుప్పటి స్క్రూడ్రైవర్లు, కీ గుత్తులు బరువు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, స్కేలు ఒక్కో లైను కింద పెట్టి చదవడం మొదలుపెట్టారు. స్క్రీన్ మీద చదివితే కళ్ళు తెలిసిన చోటికి గెంతుతాయి. కాగితం మీద స్కేలు గెంతనివ్వదు.

ఇరవై ఆరో కాగితంలో, లెక్కకంతటికీ గుండెకాయలాంటి భాగంలో, ఒక్క లైను ఉంది. కంప్యూటర్లన్నీ ఆగి, ఆఖరిది వచ్చేదాకా ఎదురు చూడమని చెప్పే లైను. దాని పక్కన ఆయనే టైపు చేసి పెట్టుకున్న గుర్తు. "తాత్కాలికం. తర్వాత తీసేయాలి." పదకొండేళ్ళ కిందటి తేదీ.

చూడగానే గుర్తొచ్చింది. కొత్తలో ఏ కంప్యూటర్ ఏ జవాబు ఇస్తోందో వరసగా చూసుకోవడానికి, అడుగడుక్కీ అందర్నీ ఆపారు. ఇంటిల్లిపాదీ బయల్దేరేటప్పుడు చెప్పులు దొరకని ఒక్కడికోసం మిగతావాళ్ళు గుమ్మంలో నిలబడినట్టు. నలుగురున్న ఇంట్లో పెద్ద తేడా తెలియదు. రెండొందల మంది ఉన్న ఇంట్లో ప్రయాణమే సాగదు. చూసుకోవడం అయ్యాక ఆ లైను తీసేయాలి. తీయలేదు.

తీశారు. ఆడించారు. చలిదుప్పటి మఫ్లర్ సర్దుకుంటూ స్క్రీన్ దగ్గరికి వచ్చాడు.

"ఏదో పాడైంది సార్. ఆగిపోయింది."

"ఆగలేదయ్యా," అన్నారు మాస్టారు. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "అయిపోయింది."

మూడు నిమిషాల ఇరవై ఆరు సెకన్లు.

మాస్టారు చలిదుప్పటి భుజం మీద గట్టిగా చరిచారు. ఎనిమిది నిమిషాల యంత్రం మూడున్నర నిమిషాల పాత కంప్యూటర్ల చేతిలో ఓడిపోయింది! శుక్రవారం ఆమె ముఖం ఎలా ఉంటుందో, హెడ్ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ, ఆ ఊపులోనే అరవై నాలుగుతో, నూట ఇరవై ఎనిమిదితో, రెండొందల యాభై ఆరుతో విడివిడిగా ఆడించి చుక్కలు పెట్టి గీత గీశారు. అప్పుడు చూసుకున్నారు ఏం గీశారో.

గీత అరవై నాలుగు దాటింది. నూట ఇరవై ఎనిమిది దాటింది. ఎక్కడా చదును కాలేదు.

గోడ లేదు. ఎప్పుడూ లేదు. తను తీయడం మర్చిపోయిన ఒక లైను ఉంది, దానికి తన పేరు పెట్టుకుని పదకొండేళ్ళు తిరిగారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాం గానీ, ఆ పిల్లకి సన్మానాలు కూడా చేయించినవాణ్ణి నేనొక్కణ్ణే, అనుకున్నారు. నవ్వు రాలేదు. నేల మీది కాగితాలు ఒక్కొక్కటీ ఏరి, వరస సరిచూసి, పట్టుకుని గదికి వెళ్ళిపోయారు.

గదిలో ఒక ఉపాయం తట్టింది. లైను సంగతి ఎవరికి తెలుసు? 'కొత్త పద్ధతి' అని చెబితే సరి. గోడని కనిపెట్టినాయనే గోడని దాటే పద్ధతీ కనిపెట్టాడంటారు. చప్పట్లు కొడతారు. గది ఉంటుంది, పేరుంటుంది, ఆ యంత్రం నోరు మూస్తుంది. స్లైడు తెరిచి పైన 'కొత్త పద్ధతి' అని టైపు చేశారు. బాగుంది. చాలా బాగుంది. కింద ఏం రాయాలో తోచక సాయంత్రం దాకా దాన్నే చూస్తూ కూర్చున్నారు.

గురువారం పొద్దున, స్లైడులో పక్కన పెట్టడానికి ఆమె అంకెలు సెకన్లతో సహా కావలసి వచ్చి, డ్రాఫ్టులో మొదటి, చివరి పేజీలు కాని పేజీని మొదటిసారి తెరిచారు. ఇరవై రెండో పేజీలో పట్టిక ఉంది. క్వాంటం యంత్రం: యాభై ఒక్క సెకన్లు. దాని కింద, సమాంతర ప్రోగ్రామ్, పదిహేడో నంబరు పేపరు, మెరుగుపరచిన రూపం: రెండొందల ఏడు సెకన్లు.

మూడు నిమిషాల ఇరవై ఆరు సెకన్లంటే రెండొందల ఆరు. మాస్టారు కాగితం మీద లెక్క వేసి చూసుకున్నారు, చిన్నపిల్లాడిలా, అరవైని మూడుతో గుణించి.

ఫోన్ చేసి ఆమెని రమ్మన్నారు. ఆమె వచ్చి నిలబడింది.

"ఈ రెండొందల ఏడు ఎక్కడిది?"

ఆమె పట్టిక వైపు చూడలేదు. బల్ల మీదున్న ఇరవై ఆరో కాగితాన్ని, అందులో ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసిన లైనుని చూసింది.

"దొరికిందా సార్?" అంది మెల్లగా.

"నీకెప్పుడు దొరికింది?"

"ఏడేళ్ళయింది."

"ఏడేళ్ళా! ఏడేళ్ళు తెలిసి నోరు మూసుకున్నావా? నన్ను చూసి నవ్వుకున్నావా, జాలిపడ్డావా?"

"చెప్పడానికి వచ్చాను సార్. మూడుసార్లు."

"నా దగ్గరికా?"

"గీత చదును కావడం లేదు సార్ అంటే, నీ కొలత తప్పన్నారు. మళ్ళీ వచ్చాను. ఇంకోసారి కొలిచి తెమ్మన్నారు. మూడోసారి గ్రాఫు గీసి తెచ్చాను, లైను ప్రింటు సంచీలో పెట్టుకుని. మీరు గ్రాఫు చూడలేదు. గోడ ఎక్కడికీ పోదమ్మా, నీకే చేతకావడం లేదన్నారు. ఈలోగా మీకు ఫోనొచ్చింది. నా కాగితమే తిప్పి, వెనకాల ఏదో రాసుకున్నారు. మీరది బల్ల మీదే వదిలేసి లేచిపోతే నేను తీసుకుని పోయాను, సంచీ విప్పలేదు."

"నాకు గుర్తులేదు."

"మీకెందుకు గుర్తుంటుంది సార్," అంది. అందులో కోపం లేదు, అదే ఆయనకి ఎక్కువ తగిలింది. "పీహెచ్‌డీ అయితే వచ్చింది గానీ, ఆపైన గోడ ఉందని నేను పేపర్లు రాయలేను. లేదని రాస్తే మీరు సంతకం పెట్టరు. ఇంక ఈ గదిలో నాకేం పని? అందుకే వెళ్ళిపోయాను."

గాలి ఎటు వీస్తే అటు పోయిందని ఏడేళ్ళుగా ఎంతమందికి చెప్పారో ఆయనకి లెక్కలేదు. పాత లైనుతోనే పోల్చి ఉంటే ఆమెకి నాలుగు కాదు, ముప్ఫై ఆరు రెట్లు వచ్చేవి. ముప్ఫై ఆరు వదులుకుని నాలుగు రాసుకుంది. చివరికి, అడగకూడదని తెలిసీ, అడిగేశారు.

"కృతజ్ఞతల్లో నా పేరెందుకు లేదు?"

"ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు, మాస్టారి ప్రోగ్రామ్‌లో మీరేం మెరుగుపరిచారని. అడిగితే చెప్పాలి కదా." ఆమె తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "రేపు మీరు ఆ ప్రశ్న అడక్కండి సార్. మీరు అడగకపోతే ఇంకెవరూ అడగరు."

"ఆ గ్రాఫు కాగితం ఉందా ఇంకా?"

"ఉంది."

"తెచ్చివ్వు," అన్నారు మాస్టారు.

శుక్రవారం హాలు నిండిపోయింది. వెనక మెట్ల మీద కూడా కూర్చున్నారు. మాస్టారు ఎప్పటిలా మొదటి వరసలో చివరి కుర్చీలో కూర్చుని, ఆమె చెప్పింది మొత్తం విన్నారు. బాగా చెప్పింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, ఎక్కడ నవ్వించాలో అక్కడ నవ్విస్తోంది. ఆ ఆగడం తన దగ్గర నేర్చుకున్నదే. అది గుర్తించినందుకు గర్వం, అది ఇప్పుడు ఆమెదైనందుకు మంట, రెండూ ఒకేసారి కలిగాయి.

ముగించాక హెడ్ లేచి, "మాస్టారూ, మీ ప్రశ్న కోసమే అందరూ ఎదురు చూస్తున్నారు," అన్నాడు. హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

మాస్టారు లేచారు. "దేంతో పోల్చావు?"

"మెరుగుపరచిన సమాంతర ప్రోగ్రామ్‌తో సార్."

"ఏం మెరుగుపరిచారు?"

"చిన్న మార్పు సార్."

"ఎంత చిన్నది?"

"ఒక లైను తీసేశాం." ఆమె గొంతు తగ్గింది. "ఎక్కువ సమయం లేదు సార్, తర్వాత మీ గదికొచ్చి..."

"ఆ లైను ఎవరిది?"

హెడ్ గడియారం చూసుకుంటూ, "మాస్టారూ, కమిటీ వాళ్ళు..." అన్నాడు. మాస్టారు వినిపించుకోకుండా ముందుకు నడిచి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, చేత్తో చదును చేసి, తెర మీద పడేలా కెమెరా కింద పెట్టారు.

"ఈ గ్రాఫు ఏడేళ్ళ కిందటిది. ఈ అమ్మాయి గీసింది. నా గోడ లేదని ఇందులో ఉంది. నాకు చూపించడానికి మూడుసార్లు వచ్చింది." కాగితాన్ని తిప్పారు. తెర నిండా ఆయన చేతిరాత పడింది. "నేను దీని వెనక రాసుకున్నది ఇది. ఆ వారం నాకు సన్మానం. అక్కడ మాట్లాడాల్సిన పాయింట్లు. మొదటిది చదువుతాను. 'విద్యార్థులు చెప్పేది ఓపికగా వినడమే నా విజయ రహస్యం.'"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"గోడ లేదు. పరీక్ష కోసం నేను పెట్టి, తీయడం మర్చిపోయిన లైను ఉంది. పుస్తకాల్లో ఉన్నది తప్పు. ఈ అమ్మాయి నాలుగు రెట్లు అన్నది నిజం. నిన్నటిదాకా దాన్ని అబద్ధం చేద్దామనే కూర్చున్నాను. నా ప్రశ్న అయిపోయింది."

ఆయన తన కుర్చీ దాకా వచ్చాక చప్పట్లు మొదలయ్యాయి. ఆమెకోసం. లేచి నిలబడి మరీ కొట్టారు. మాస్టారూ కొట్టారు. పోయింది నా గోడ, చప్పట్లేమో ఆ పిల్లకి, అని అప్పుడు కూడా ఒక మూల అనిపించకపోలేదు. నిజం చెప్పినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళెప్పుడూ చెప్పి చూడలేదు.

మెషిన్ రూం ఆమెకే ఇచ్చారు. సమాంతర యంత్రాన్ని వచ్చే నెల మేడ మీది చిన్న గదిలోకి మార్చాలట. చలిదుప్పటి అట్టపెట్టెలు తెచ్చి పెడుతూ, "గోడా పోయింది, గదీ పోయింది. ఇంక మిమ్మల్ని ఏమని పిలవమంటారు సార్?" అన్నాడు.

"మాస్టారు మిగిలిందిగా, అలాగే పిలువు," అన్నారు.

సోమవారం ఆయన బల్ల మీద దిద్దిన డ్రాఫ్టు ఉంది. ఆమె పొద్దున్నే వచ్చి పెట్టి వెళ్ళింది. మాస్టారు అలవాటుగా చివరి పేజీకి చెయ్యి పెట్టి, ఆగి, మొదటి పేజీకి వచ్చారు. పెన్సిల్ చెక్కుకుని, స్కేలు తీసి మొదటి లైను కింద పెట్టారు. ఒకటో పేజీ, రెండో పేజీ. మూడో పేజీలో ఒక సమీకరణంలో ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ ఉంది. ముప్ఫై పేజీలు చదివిన ఇంతమందిలో ఒక్కరూ పట్టలేదు. అబద్ధమెందుకు, ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

ఫోన్ ఎత్తి, మళ్ళీ పెట్టేశారు. ఆ పేజీ పట్టుకుని, ఏడాదిగా తప్పించుకు తిరుగుతున్న మెట్లు దిగారు. ఇరవై రెండున్నాయి. కింద తలుపు తీసే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని పైపు బిగిస్తున్న శిష్యురాలు తలెత్తి చూసి, గబగబా లేచింది.

"మూడో పేజీలో తప్పుంది," అన్నారు మాస్టారు.

ఆమె కాగితం అందుకుని చూసి నాలిక కరుచుకుంది. "అయ్యో, నిజమే. తర్వాత దిద్దేస్తాను సార్. ముందు లోపలికి రండి, మీరసలు యంత్రం చూడనేలేదు."

"తర్వాత అనకు. ఇప్పుడే దిద్దు. నేనిక్కడే ఉంటాను."

ఆమె చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. మాస్టారు ఆమె కుర్చీ వెనక నిలబడి, మైనస్ పోయి ప్లస్ వచ్చేదాకా చూసి, అప్పుడు తలెత్తి యంత్రం వైపు చూశారు.